‘ఇండియన్ ఓషన్’: మారిన సభ్యులు, నిలిచిన పేరు

ఢిల్లీలో 1990లో సుస్మిత్ సేన్, అషీమ్ చక్రవర్తి నెలకొల్పిన ‘ఇండియన్ ఓషన్’ను ఫంక్ బృందమనో, రాక్ బృందమనో ఒక్కమాటలో తేల్చడం కష్టం. అయితే ఫంక్‌లో వలెనే ఇందులోనూ బాస్ గిటారు, తాళవాద్యాలు వెనుక నిలిచే తోడు మాత్రమే కావు; పాటను నడిపేవి అవే. 1991లో రాహుల్ రామ్ బాస్ గిటారుతో, 1994లో అమిత్ కిలమ్ డ్రమ్స్‌తో చేరిన పిమ్మట ఈ స్వరూపం కుదిరింది. ‘కందీసా’ (2000) ఆ నలుగురి పొందికకు ఫలం.

అషీమ్ తబలా వాయిస్తూనే పాడేవారు. గాయకుడు ఊపిరి తీసుకునే చోటు వాద్యకారునికి వేరే చెప్పనక్కరలేదు. ఇద్దరూ ఒకరే గదా! 2009 డిసెంబరు 25న ఆయన మరణించగా ఆ ఒక్క స్థానానికి ఇద్దరు కావలసివచ్చారు: గానానికి హిమాంశు జోషి, తబలాకు తుహిన్ చక్రవర్తి. బుర్రకథలో కథకుడే తంబురా మీటుతూ, అందెలు మోగిస్తూ కథ చెబుతాడు. ఆ పనులను ఇద్దరికి పంచితే కథ ఆగదు గాని, నడక మారుతుంది. కరోల్‌బాగ్‌లోని సాధనాగృహపు చిరునామాయే పేరుగా 2010లో వెలువడిన ‘16/330 ఖజూర్ రోడ్’లో పాత నడక ఇంకా వినబడుతుంది.

అషీమ్ గొంతు లేని లోటు వెంటనే చెవికి తెలుస్తుంది. 2013లో వైదొలగిన సుస్మిత్ లోటు మెల్లగా తెలుస్తుంది గాని, అదే పెద్దది. రాగచ్ఛాయలు గల ఆయన గిటారు పలుకుల చుట్టూనే తొలి రచనలు అల్లుకున్నాయి. తరువాత వచ్చిన నిఖిల్ రావు సమర్థుడే; కాని ఆయన పలుకు వేరు. కనుక ‘తూ హై’ (2023)ను ‘కందీసా’తో పోల్చి నిరాశపడటం న్యాయం కాదు. స్థాపకులిద్దరిలో ఒక్కరూ లేని బృందపు రచన అది.