వ్యాను నేల క్రింద

రెండు వానకాలములు తిరిగివచ్చిన మా ట్రావెలర్ వ్యాను నేలను గడచిన ఆదివారమునాడు మరల విప్పితిని. ప్లైవుడ్ పలకను ఒక అంచున లేవనెత్తినంతనే, అడుగున పరచిన స్పాంజి పీల్చుకొన్న చెమ్మ వాసన గుప్పుమని ముక్కునకు తగిలెను. స్క్రూ దిగిన ప్రతి చోటను రేకుమీద రూపాయి బిళ్ళంత తుప్పు వలయము కట్టియుండెను. పలక కదలరాదను ఆత్రముతో 24 చోట్ల రేకును తొలిచి బిగించినవాడను నేనే. నీరు లోనికి చేరుటకును, రోడ్డు మ్రోత పైకి ఎక్కుటకును ఆ 24 త్రోవలను నా చేతులతోనే వేసితినని తెలిసినపుడు చాల బాధ కలిగినది.

వేడిమియు ధ్వనియు ఒక్క అడ్డుతో ఆగునని తలచుటయే ఈ పనిలోని మొదటి పొరపాటు. వేడిని ఆపునది తేలికదనము, అనగా సూక్ష్మమైన అరలలో బంధింపబడి కదలలేని గాలి. ధ్వనిని ఆపునది బరువు. అడ్డు యొక్క బరువు రెట్టింపైనచో దానిని దాటివచ్చు ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. కావుననే థర్మాకోల్ వంటి పలకలను ఎంత మందముగా పేర్చినను ఇంజను హోరు అంతగా తగ్గదు; బరువైన రబ్బరు పట్టను పరచినంతమాత్రమున వైశాఖమాసపు తారురోడ్డు సెగ పాదములను విడువదు.

ఈ రెంటికిని తోడు మూడవది కంపనము. నేల రేకు పలుచనిది. చక్రముల క్రింది కంకర దానిని తప్పెటవలె వాయించును. మ్రోగుచున్న కంచుపళ్ళెము అంచున వ్రేలు మోపినంతనే నాదము ఎట్లు అణగునో, రేకునకు అంటించిన బ్యుటైల్ షీటు వలన అట్లే అణగును. జిగురైన ఆ పొర సాగుచు ముడుచుకొనుచు కంపనమును స్వల్పమైన వేడిగా మార్చివేయును. నేలనంతయు కప్పవలసిన పనియు లేదు. మ్రోగు భాగముల నడుమ నాలుగవవంతు మొదలు మూడవవంతు వరకు అంటించిన చాలును. అంటించుటలోనే నేర్పు కలదు: షీటుపై అచ్చొత్తిన గళ్ళు చదునై మాయమగువరకు రోలరుతో అదిమితిని. అంతకుముందు వ్రేలి కణుపుతో తట్టిన ఖణేలుమన్న రేకు, పిమ్మట కట్టెవలె టక్కుమని ఊరకుండెను. ఆ ఒక్క చప్పుడును వినుటకై పదిసార్లు తట్టితినని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

షీటు అంటించుటకు ముందే తుప్పు గీకి, ప్రైమరు పూసి, పాత రంధ్రములను మూసియుంటిని. ఆ పిమ్మట రేకు గాడులలో నీరు పీల్చని ఎక్స్‌పీఎస్ పలకలను సన్నగా కోసి ఇమిడ్చి, వానిపై 10 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు ఫోము పరచి, నీటిని తట్టుకొను ఐ.ఎస్. 710 ముద్ర గల 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను ఈసారి స్క్రూలు లేకుండ, అంచులు గోడలను తాకనట్లు పరచితిని. అలమారల, సీట్ల బోల్టులను మాత్రము ఛాసిస్‌కు బిగింపవలసినదే. ప్రమాదమునందు ప్రాణములు నిలుపు బిగింపులవి. నిశ్శబ్దమునకై వానిని సడలించుట మహాపరాధము. ఎక్స్‌పీఎస్ 75 డిగ్రీల సమీపమున మెత్తబడును కనుక, సైలెన్సరు పోవు మేర దానిని వాడక, వాహనము అడుగున నడుమ గాలి ఆడునట్లు అల్యూమినియము రేకును అడ్డుగా కట్టితిని.

నిన్న విజయవాడ రోడ్డుమీద సూర్యాపేట దాటిన పిమ్మట, ఇదివరలో కేకవేసినగాని వినబడని వెనుక సీటునుండి మా అమ్మ మామూలు గొంతుకతోనే, "కుడిపక్క చక్రం కాడ ఇంకా సన్నగ సప్పుడైతున్నది బిడ్డా, చూసుకో" అనెను. చెవి యొగ్గి వింటిని, నిజమే. ఆ చక్రపు గూడును వచ్చు ఆదివారము విప్పెదను.