చిరునామా చివర కావలి

బ్యాంకు పేరుతో వచ్చే దొంగ లింకును పట్టుకోవడానికి ఇన్నాళ్లూ మనకు చెప్పిన చిట్కాలన్నీ పైమెరుగులు చూసి తేల్చుకోమనేవే. అక్షరదోషాలున్నాయా, లోగో తేడాగా ఉందా, చిరునామా పక్కన తాళం బొమ్మ కనిపిస్తోందా అని చూడమన్నారు. ఇప్పుడు మోసగాళ్లు తప్పుల్లేని తెలుగే రాస్తున్నారు. లోగోను అసలు సైటు నుంచే ఎత్తుకొస్తున్నారు. ఇక తాళం బొమ్మ, మన మాట దారిలో ఎవరికీ వినపడదని చెబుతుందే గానీ అవతల ఉన్నది ఎవరో చెప్పదు. దాన్ని చూసి జనం మోసపోతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మను పక్కన పెట్టింది.

అందుకే బ్యాంకుల వెబ్ చిరునామాల కోసం రిజర్వు బ్యాంకు తెచ్చిన ‘బ్యాంక్ డాట్ ఇన్’ ఏర్పాటు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించి, ఆ ఏడాది అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ అందులోకి మారాలని గడువు పెట్టారు. స్టేట్ బ్యాంకు చిరునామా ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. మామూలు డాట్ ఇన్ పేరు కొన్ని వందల రూపాయలు కడితే ఎవరికైనా దొరుకుతుంది. ఈ పేర్లు మాత్రం ఒక్కచోటే ఇస్తారు: 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థలో. అది మన హైదరాబాద్‌లోనే ఉంది. అడిగింది నిజంగా బ్యాంకేనని తేలితేనే పేరు దక్కుతుంది.

పనితనమంతా చుక్క దగ్గరే ఉంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, వెబ్ చిరునామాలో చివరుంటుంది. బ్రౌజరు పట్టెలో మొదటి ఒంటి గీత, అంటే స్లాష్, ఎక్కడ పడిందో చూసి అక్కడి నుంచి ఎడమకు చదవాలి. దానికి ముందు ‘బ్యాంక్ డాట్ ఇన్’ ఉండి, ‘బ్యాంక్’కు ముందు చుక్క ఉంటే అది ఆ ఇంటిదే. ‘ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కేవైసీ అప్‌డేట్ డాట్ కామ్’ అని వస్తే బ్యాంకు పేరు ఎంత ముందున్నా ఆ సైటు చివర ఉన్న ‘కేవైసీ అప్‌డేట్ డాట్ కామ్’ వాడిది. గీత దాటాక ఏం రాసినా లెక్కలోకి రాదు. చుక్కకు బదులు చిన్న అడ్డగీత, హైఫన్, పెట్టి ‘ఫలానా-బ్యాంక్ డాట్ ఇన్’ అన్నారనుకోండి, కంటికి తేడా ఆవగింజంత. కానీ అది మొత్తం ఒకే పేరు, బయటివాడు ఎవడైనా కొనుక్కోగలిగినది. ‘బ్యాంక్ డాట్ ఇన్’ లోపలి పేరు కావాలంటే ఐడీఆర్‌బీటీ గుమ్మం ఎక్కాల్సిందే.

ఇంకో గొప్పదనం, దీన్ని ఫోనులో నోటితో చెప్పొచ్చు. “అమ్మా, పైన చిరునామాలో మొదటి ఒంటి గీతకు ముందు చుక్క, బ్యాంక్, డాట్, ఇన్ అని ఉందా?” అంటే చాలు, ఊళ్లో ఉన్న అమ్మ చూసి చెప్పగలదు. అక్షరదోషాలు వెతకమంటే ఆమె ఏం చేస్తుంది? మెసేజీలో కనిపించే అక్షరాలు మాత్రం నమ్మొద్దని చెప్పాలి, వాటి వెనక వేరే లింకు దాచొచ్చు. లింకు అసలు ముట్టుకోకుండానే చిరునామా మనమే టైపు చేసుకుంటే ఇంకా నయం.

ఈ కావలి పట్టుకోలేనివీ ఉన్నాయి. చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలుకు చిరునామాతో పనే లేదు. ఇన్‌స్టాల్ చేసి అనుమతులిచ్చేస్తే ఓటీపీలను అదే చదివేస్తుంది. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించేవాళ్లూ అంతే. అక్కడ ఫైలు తెరవకపోవడం, కాల్ పెట్టేయడమే మార్గం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, సొమ్ము ఖాతాలు మారేలోపే ఆపించాలి కాబట్టి.

ఇంత చక్కటి ఏర్పాటు చేసి, దాన్ని చదివే పద్ధతి మాత్రం ఖాతాదారుడికే వదిలేస్తే ఎలా? చుక్క ఎక్కడ చూడాలో ప్రతి పాస్‌బుక్ అట్ట వెనక, పెద్దక్షరాల తెలుగులో అచ్చు వేయాలి.