24 పాయింట్ల సైన్యం

బల్లమీద ఆడే బొమ్మల యుద్ధాల్లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా ఒకే చోట బోల్తా పడతారు. ముందుగా పెద్ద పెట్టె కొంటారు. అందులో విరిచి, గీకి, అతికించాల్సిన ప్లాస్టిక్ సైనికులు డజన్లకొద్దీ ఉంటారు. పదిమందిని అతికించి ముగ్గురికి రంగు వేసేసరికి సరదా తీరిపోతుంది. మిగిలిన సైన్యం బూడిదరంగులోనే అటకెక్కుతుంది. ఆ సైన్యం ఒక్క యుద్ధం కూడా చూడదు.

దీనికి విరుగుడు 1991లోనే ఇంగ్లండులో అచ్చయింది. దాని పేరు ‘హోర్డ్స్ ఆఫ్ ద థింగ్స్’. ఫిల్ బార్కర్, స్యూ లాఫ్లిన్-బార్కర్, రిచర్డ్ బాడ్లీ స్కాట్ కలిసి రాసిన పల్చటి నియమాల పుస్తకం అది. ప్రాచీన, మధ్యయుగ యుద్ధాల కోసం అదే బృందం అంతకుముందు తెచ్చిన ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’ పద్ధతికే మాంత్రికులను, డ్రాగన్లను, దేవతలను కలిపారు. అందులో సైన్యం అంటే 24 పాయింట్లు. మొదలుపెట్టేవాడికీ అంతే, పాతికేళ్లుగా ఆడుతున్నవాడికీ అంతే. మొదటి మెట్టు మీద కట్టిన సైన్యమే పూర్తి సైన్యం కావడం ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

మరి మిగతా చోట్ల సైన్యాలు ఎందుకంత పెరిగాయి? ఈ ఆటల వంశం పాతది. మన చతురంగం నుంచి వచ్చిన చదరంగాన్ని పెంచి 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఆచార్యుడు యుద్ధక్రీడ తయారుచేశాడు. 1824లో రైస్విట్స్ అనే ప్రష్యా అధికారి దాన్ని గళ్ల నుంచి తప్పించి సైనిక పటాల మీదికి తెచ్చాడు. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసి, సైనికాధికారుల శిక్షణను గదిలో నేలమీద ఆడే సీసపు సైనికుల ఆటగా మార్చాడు. 1971లో అమెరికాలో వచ్చిన ‘చైన్‌మెయిల్’ పుస్తకం చివర మాయలు, రాక్షసులు చేరారు. 1983లో ఇంగ్లండులో ‘వార్‌హామర్’ వచ్చింది. బొమ్మలు పోతపోసి అమ్మే సిటడెల్ కంపెనీ, తన బొమ్మలకు గిరాకీ పెరగాలని రాయించిన నియమాలవి. నియమాలు బొమ్మలను అమ్మిపెట్టాలంటే పెద్ద సైన్యం కావాలి. ఇందులో కుట్రేమీ లేదు, అది వ్యాపారం. ఆ బొమ్మల అందం గురించి వేలెత్తి చూపడానికీ లేదు. బార్కర్ బృందం నడిపిన వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్ మాత్రం పుస్తకాలనే నమ్ముకుంది. అందుకే ఇంట్లో ఏ బొమ్మలుంటే వాటితోనే ఆడుకోమని చెప్పగలిగింది.

ఇక ‘హోర్డ్స్ ఆఫ్ ద థింగ్స్’ లెక్క. ఇక్కడ ఒక్కో సైనికుడు విడిగా కదలడు. మూడో నాలుగో బొమ్మలను ఒక పలకమీద అతికిస్తే అది ఒక దళం. 15 మిల్లీమీటర్ల బొమ్మలకు పలక వెడల్పు 40 మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్ల బొమ్మలకు 60. కత్తివీరులు, ఈటెవాళ్లు, విలుకాళ్లు, గుర్రపు రౌతులు, దూకుడుగా మీదపడే వార్‌బ్యాండ్ గుంపులు, మృగాలు అన్నీ తలా రెండు పాయింట్లు. హోర్డ్ అనే అలగా మూక ఒక పాయింటు. హీరో, మాంత్రికుడు, డ్రాగన్ నాలుగేసి. ఎగిరే హీరో ఆరు. మూడు పాయింట్లు, అంతకు పైబడిన దళాల మీద మొత్తంలో సగానికి, అంటే 12కి మించి ఖర్చు పెట్టకూడదు. నెల జీతంతో ఇల్లు నడిపే ఇల్లాలికి ఈ లెక్క వెంటనే పట్టుబడుతుంది.

మనకు తెలిసిన కథతోనే కట్టి చూద్దాం. వానరసేన తీసుకోండి. హనుమంతుడు ఎగిరే హీరో, ఆరు. సేనాని సుగ్రీవుడు హీరో, నాలుగు. ఇప్పటికి పది అయ్యాయి. జాంబవంతుణ్ణి బిహెమత్ అనే మహాకాయుల కోవలో దించాలని మనసు లాగుతుంది. కానీ దానికి నాలుగు పాయింట్లు, పరిమితిలో మిగిలినవి రెండే. కాబట్టి జాంబవంతుడు తన ఎలుగుబంట్లతో పాటు రెండు పాయింట్ల మృగదళంలోనే నడుస్తాడు. అలాంటి దళాలు రెండు, వానర వార్‌బ్యాండ్లు నాలుగు, రాళ్లు విసిరే మూకలు రెండు. సరిగ్గా 24. మొత్తం పది దళాలు, బొమ్మలు ముప్పై పైచిలుకు.

అవతల లంక. రావణుడు హీరో, ఇంద్రజిత్తు మాంత్రికుడు. కుంభకర్ణుణ్ణి ఏం చేయాలి? మహాకాయుడని బిహెమత్ చేయవచ్చు. నేనైతే డ్రాగన్ చేస్తాను. ఈ ఆటలో డ్రాగన్ మొదట బల్లమీద ఉండదు. పాచిక ఆరు పడితేనే రంగంలోకి వస్తుంది. కుంభకర్ణుణ్ణి నిద్రలేపడానికి ఇంతకన్నా మంచి నియమం ఎవరు రాయగలరు? ముగ్గురికీ కలిపి 12 పాయింట్లు, పరిమితి అయిపోయింది. మిగతా 12తో కత్తివీరుల దళాలు నాలుగు, రథదళం ఒకటి, మూకలు రెండు. కాపాడుకునే పక్షానికి ఒక కోట ఉండాలి. అట్టముక్కలతో కట్టిన లంకాద్వారం చాలు. ఇలా ఎవరు దేని కిందికి వస్తారని వాదించుకోవడంలో ఆటలో సగం ఆనందం ఉంది. నా లెక్కతో మీరు ఒప్పుకోకపోతే మరీ మంచిది.

చిన్న సైన్యమైనంత మాత్రాన ఆట చిన్నది కాదు. ప్రతి వంతులో ఒక పాచిక వేస్తారు. ఎంత పడితే అన్ని కదలికలే. పక్కపక్కన ఆనుకుని ఉన్న దళాలు కలిసి నడిస్తే ఒక్క కదలికతో సరిపోతుంది, చెదిరిపోతే ఒక్కోదానికి ఒక్కోటి ఖర్చు. ఒకటి పడిన రోజున హనుమంతుణ్ణి ఎగరేయాలా, వరుసను ముందుకు నడపాలా? రెండూ కుదరవు. తలపడినప్పుడు ఇద్దరూ పాచిక వేసి తమ బలం కలుపుతారు. తక్కువ వచ్చినవాడు వెనక్కి తగ్గుతాడు. అవతలివాడి లెక్కలో సగం దాటకపోతే చాలాసార్లు దళమే పోతుంది. సగం పాయింట్ల బలం పోయినా, కోట చేజారినా ఓటమే. గంటలో తేలిపోతుంది. ఓడినవాడు వెంటనే ఇంకో ఆట అడగవచ్చు.

రంగులకొస్తే, ముప్పై బొమ్మలకు వేరే పద్ధతి కావాలి. ఒక్కో బొమ్మనూ మొదలు నుంచి చివరిదాకా పూర్తిచేసుకుంటూ పోతే మళ్లీ అటకే గతి. బొమ్మలన్నిటినీ సీసా మూతలమీద తాత్కాలికంగా నిలబెట్టి, ఒక రంగు అందరికీ వేశాకే రెండో రంగు ముట్టుకోవాలి. ముందు ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే అడుగు పూత. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు స్ప్రే ప్రైమర్ గరుకుగా, పొడిపొడిగా తేలుతుంది. కాబట్టి విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో వానాకాలం కుంచెతో పూసే ప్రైమరే నయం. తర్వాత ఒళ్లు, ఆపైన బట్టలు, చివర ఆయుధాలు. లోపలి నుంచి బయటికి రావడమే ఈ వరుసలోని కిటుకు. రంగు ఆరాక పల్చటి ముదురు రంగు, దీన్ని వాష్ అంటారు, బొమ్మంతా పూస్తే గాడుల్లోకి దిగి నీడలు దానంతటదే గీస్తుంది. ఆపైన లేత రంగు అంటిన కుంచెను గుడ్డమీద దాదాపు పొడిగా తుడిచి బొమ్మమీద ఆడిస్తే ఎత్తుగా ఉన్న అంచులకు మాత్రమే అంటుతుంది. వానరుల బొచ్చుకు ఈ డ్రై బ్రష్‌ను మించింది లేదు. కనుపాపలు గీయాలని కూర్చోకండి. మూడడుగుల దూరం నుంచి అవి ఎవరికీ కనపడవు. ఆ ఓపికను హనుమంతుడి కోసం దాచుకోండి.

సైన్యాన్ని ఒక్కటిగా చూపించేవి రెండే: అందరిమీదా ఎక్కడో ఒకచోట కనిపించే ఒక రంగు, అందరి కాళ్లకిందా ఒకేలాంటి నేల. పలకమీద ఫెవికాల్ రాసి జల్లించిన సన్న ఇసుక చల్లి, ఆరాక గోధుమరంగు వేసి, అంచులకు లేత రంగు తగిలిస్తే చాలు. ఒక్కోటి ఒక్కో చోట దొరికిన బొమ్మలు కూడా ఒకే నేలమీద నిలబడగానే ఒకే సైన్యంలా కనిపిస్తాయి. చేసిన పనికి దక్కే ఫలితంలో దీనికి సాటి లేదు. అయినా చాలామంది పలకలను చివరికి వదిలేస్తారు.

అతుకుల విషయంలో ఒక్కమాట. పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కు దానికోసమే దొరికే సిమెంటు వాడాలి. అది రెండు అంచులనూ కరిగించి ఒక్కటి చేస్తుంది. లోహపు బొమ్మలకూ త్రీడీ ప్రింటర్లో తీసిన రెజిన్ బొమ్మలకూ అది పనిచేయదు, సూపర్ గ్లూ కావాలి. రెజిన్‌ను గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. ఇవేవీ దొరకకపోతే గట్టి కాగితం మీద బొమ్మలు గీసి, కత్తిరించి నిలబెట్టండి. నియమాలకు అభ్యంతరం లేదు. ఎలుగుబంట్ల దళానికి పిల్లల ప్లాస్టిక్ జంతువులు బాగా సరిపోతాయి.

పెద్ద కంపెనీలు కూడా ఇప్పుడు ఇటే చూస్తున్నాయి. వార్‌హామర్ వారసత్వంగా 2015లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’కు 2024లో స్పియర్‌హెడ్ అనే చిన్న ఆటను జోడించారు. 30 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉన్న ఆటబల్ల, ముందే కుదిర్చిన చిన్న సైన్యం. పాయింట్లు లెక్కపెట్టే పనే లేదు. ఆట బాగుంటుంది. కానీ సైన్యాన్ని వాళ్లే కుదిర్చి ఇస్తారు కాబట్టి, జాంబవంతుణ్ణి ఎక్కడ దించాలన్న తగవు అందులో ఉండదు. నాకు ఆ తగవే కావాలి.

మన ఊళ్లలో ఈ ఆటకు ప్రత్యర్థి దొరకడం కష్టం. సైన్యం తీసుకుని రమ్మని పిలిస్తే వచ్చేవాళ్లు ఉండరు. అందుకని ఒక సైన్యం కట్టి ఆగకండి, రెండూ మీరే కట్టండి. రెండూ కలిపి 48 పాయింట్లు, అరవై డెబ్బై బొమ్మలు. ఒక అట్టపెట్టెలో పడతాయి. పాచికలు, మూడడుగుల గుడ్డ అందులోనే పెట్టుకుని బావమరిది ఇంటికి వెళ్లి, లంక కావాలా కిష్కింధ కావాలా అని అడగండి. ఆ రెండూ రంగులతో సహా పూర్తయ్యేదాకా మూడో సైన్యానికి ఒక్క బొమ్మ కూడా కొనకండి.