ఒకే కొలువు, రెండు బతుకులు
దక్కన్ అరబ్బులు, హబషీలపై వెలువడిన రచనల పరిశీలన

హైదరాబాదులో మాసబ్ ట్యాంకు దాటి లకడీకాపూల్ వైపు వెళ్ళేవారికి 'ఏసీ గార్డ్స్' అన్న పేట తెలుసు. ఆ పేరుకు చల్లగాలి యంత్రాలతో సంబంధమున్నదని నమ్మే కుర్రవాళ్ళు నేడు లేకపోలేదు. నిజానికి అది 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' అన్న మాటకు పొట్టిరూపం. ఆ అశ్వదళం పుట్టింది హైదరాబాదులో కాదు, వనపర్తిలో. పందొమ్మిదో శతాబ్దంలో వనపర్తి సంస్థానాన్ని ఏలిన మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి సిద్దీలను చేర్చుకొని తన సైన్యంలో ఆ దళాన్ని ఏర్పరచాడు. 1866లో ఆయన మరణించాక ఆ సిపాయిలు నిజాం కొలువులోకి వెళ్ళారు. ఆయన వారసుడైన మూడవ రామేశ్వరరావు, స్వాతంత్ర్యానంతరం ఆఫ్రికా ఖండంలో భారత ప్రతినిధిగా పనిచేశాడు. చరిత్ర ఒక్కొక్కప్పుడు ఇలాంటి వింతలు చూపుతుంది.

అదే కాలంలో, అదే దక్కన్‌లో, సముద్రం దాటివచ్చి కత్తి పట్టి బతికిన మరొక వర్గం యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు. వీరినే జనం చావుషులంటారు. ఇది ఉస్మానీ సైన్యంలో ఒక హోదాను తెలిపే తుర్కీ పదం. గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానాలున్న ఆనాటి దక్కన్‌లో అరబ్బులను, రోహిల్లాలను, సిద్దీలను కొలువులో పెట్టుకోవడం మామూలు సంగతి.

ఈ ఇరువురి సంతతినీ పోల్చి మాట్లాడడం ముస్లిముల్లో పాత అలవాటే. "ఇద్దరూ పరాయి దేశం నుంచి వచ్చారు, ఇద్దరూ సిపాయిలే, ఇద్దరిదీ ఒకే కలిమా. అరబ్బు బాగుపడ్డాడు, సిద్దీ మర్ఫా వాయించుకుంటూ ఉండిపోయాడు" అన్నది ఆ పోలిక సారాంశం. దాని వెనుక చెప్పకనే చెప్పే తీర్పొకటి ఉన్నది: తప్పు సిద్దీది, అతని స్వభావానిది. ఈ తీర్పు సరైనదేనా అని తెలుసుకోదలచినవారు సహజంగా పుస్తకాలను ఆశ్రయిస్తారు. ఆ పుస్తకాలు ఏ మేరకు తోడ్పడతాయన్నదే ఇక్కడి విచారణ.

పుస్తకాలకు కొదవ లేదు. 1997లో ఉల్‌రికే ఫ్రైటాగ్, విలియం క్లారెన్స్-స్మిత్‌ల సంపాదకత్వంలో హద్రమీలపై ఒక పెద్ద సంపుటి వెలువడింది. భారతదేశంలో హద్రమీల పాత్రను గురించి అందులో వ్రాసినవాడు హైదరాబాదు బిడ్డ ఉమర్ ఖాలిదీ. 2004లో అబాబు మిండా యిమెనే అనే పండితుడు హైదరాబాదు సిద్దీలపై ఒక గ్రంథం ప్రచురించాడు. 2010లో లెయిఫ్ మాంగెర్ సింగపూరు, హైదరాబాదు, సూడాన్, ఇథియోపియాలలోని హద్రమీలను ఒకచోట చేర్చి పరిశీలించాడు. సంస్థానాల చరిత్రకు 2007లో వచ్చిన బెంజమిన్ కోహెన్ గ్రంథం ఉన్నది. అన్నీ శ్రమించి వ్రాసినవే. అయినా పై ప్రశ్నకు వీటిలో సూటియైన జవాబు దొరకదు. కారణం వాటి పేర్లలోనే కొంత కనిపిస్తుంది. 1997నాటి సంపుటి పేరులో హద్రమీ వర్తకులు, విద్వాంసులు, రాజనీతిజ్ఞులు ఉన్నారు, మామూలు సిపాయి లేడు. యిమెనే గ్రంథం పేరులో సిద్దీల 'అస్తిత్వం' ఉన్నది, జీతం లేదు. మాంగెర్ నాలుగు దేశాల అరబ్బులను తమలో తాము పోల్చుకునేలా నిలబెట్టాడు. అదే హైదరాబాదులో కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న సిద్దీ పక్కన నిలబెట్టి ఉంటే మరొక గ్రంథమయ్యేది. ఖాలిదీ ఈ రెండు వర్గాలపైనా వ్రాశాడు, దక్కన్ హబషీలపై ఆయన వ్యాసం 1989లో 'ఇస్లామిక్ కల్చర్' పత్రికలో వచ్చింది. కాని అవి రెండూ రెండు వేర్వేరు వ్యాసాలు. ఒకే పళ్ళెంలో వడ్డించినవి కావు.

కనుక ముక్కలను ఏరి కలుపుకోవలసిన పని పాఠకునిదే అవుతున్నది. అలా కలిపి చూస్తే మొదట తేలే విషయం: వీరిద్దరిదీ ఒకే కొలువు కాదు.

పాలమూరు వాసులకు దీన్ని వివరించడం తేలిక. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల పల్లెల నుంచి ఆనకట్టల పనులకు తరలిపోయిన కూలీల గుంపులనూ, వాటి మేస్త్రీలనూ వారు ఎరుగుదురు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి మనుషులను కట్టుకుంటాడు. కంపెనీ లెక్క అతనితోనే, కూలీలతో కాదు. అరబ్బు జమాదారు అలాంటి మేస్త్రీయే, కాకపోతే అతని గుంపు చేతిలో పార బదులు తుపాకి ఉండేది. నేటి ఆఫీసుల్లో జమాదారు అంటే చిన్న నౌకరు. ఆనాడు వందలాది సిపాయిలకు అధిపతి. ఈ మాటను తెలుగు చేసేటప్పుడు జాగ్రత్త పడకపోతే చరిత్ర అంతా తలక్రిందులవుతుంది. సిపాయిల జీతం సొమ్ము జమాదారు చేతికి వచ్చేది. ఆ సొమ్ముతో అతడు ప్రభువులకు, చివరకు సర్కారుకే అప్పులిచ్చేవాడు. జామీనుగా తాలూకాల శిస్తు వసూలును పుచ్చుకునేవాడు. 1853లో దివాన్ పదవి చేపట్టిన మొదటి సాలార్ జంగ్ ముందుగా తలపెట్టిన పనుల్లో ఆ తాకట్టు తాలూకాలను విడిపించడం ఒకటి. అంటే తాకట్టు ఏ స్థాయికి చేరిందో ఊహించవచ్చు.

సిద్దీ రౌతుకు ఇదేదీ లేదు. అతడు దొర దళంలో జీతగాడు. దొర మారితే దళంతో పాటు తానూ మారాడు. వనపర్తి నుంచి నగరానికి వచ్చిన తీరే అందుకు సాక్ష్యం.

ఇక్కడ ఒక విషయాన్ని మన రచయితలూ, పాశ్చాత్య రచయితలూ ఇద్దరూ దాటవేస్తారు. జమాదార్ల సంపదలో గణనీయమైన భాగం వడ్డీ సొమ్ము. పాశ్చాత్యులు దాన్ని కేవలం ఆర్థిక వ్యవహారంగా చూస్తారు. దివ్య ఖుర్ఆన్ నిషేధించిన దానిని ప్రవక్త (స) మాట్లాడిన భాష మాట్లాడేవారే ఎలా సమర్థించుకున్నారు, ఆనాటి ఉలమా ఏమన్నారు అన్న ప్రశ్న వారికి తట్టదు. మనవారికి తడుతుంది, కాని అడగరు. అరబ్బు అన్న మాటకు మన మనసుల్లో ఉన్న గౌరవం నోరు నొక్కేస్తుంది. ఆ సొమ్ము చెల్లించినవాడు చివరికి దక్కన్ రైతు అన్న సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

ఆ సంపద ఎక్కడికి పోయిందో చూస్తే రెండవ విషయం తేలుతుంది. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ నిజాం కొలువులో జమాదారు. ఆయన, ఆయన కుమారులు దక్కన్‌లో గడించిన ధనంతో హద్రమౌత్‌లో ఒక రాజ్యాన్నే నిర్మించారు. 1881లో ముకల్లా రేవు వారి వశమైంది. ఆ సుల్తానుల పాలన 1967 వరకు సాగింది. 'సుల్తాన్ నవాజ్ జంగ్' అన్న హైదరాబాదు బిరుదు ఆ వంశానిదే. వారికి ప్రత్యర్థులైన కథీరీలలో గాలిబ్ బిన్ ముహ్సిన్ సైతం హైదరాబాదు జమాదారే. యెమెన్ ఎడారి లోయల్లో ఇరుపక్షాలూ దక్కన్ డబ్బుతోనే పోరాడుకున్నాయన్నమాట. దీన్ని 'అరబ్బుల సంపద' అని లెక్కకట్టి, అందులో బర్కస్‌లోని చావుషు సిపాయికి వాటా ఉన్నట్టు వ్రాయడం ఎంతవరకు న్యాయం? సుల్తానును, సిపాయిని కలిపి సగటు తీస్తే సిపాయి ధనవంతుడిగానే కనిపిస్తాడు.

ఆ సిపాయికి, సిద్దీకి మధ్య తేడా ఏమీ లేదా? ఉన్నది. అది డబ్బు కాదు, కాగితం. హద్రమీ తన షజరాను, అంటే వంశవృక్షాన్ని, తరతరాలుగా భద్రపరచుకున్నాడు. ఏ తెగ, ఏ లోయ, ఏ ఊరు అన్నది పేరులోనే ఉంటుంది: బిన్ ఫలానా, బా ఫలానా. అతడు తిరిగిపోగల ఇల్లు ఒకటి సముద్రానికి అవతల ఉండేది. హిందూ మహాసముద్రపు బానిస వ్యాపారంలో చిక్కి వచ్చినవారికి అది లేదు. పాత పేరు పోయింది, ఊరి పేరు పోయింది, భాషా పోయింది. దక్కన్ సిద్దీలందరూ బానిసల సంతతి అనడం పొరపాటు, కాని ఎందరి పూర్వీకులో ఆ దారినే వచ్చారు. హబషీలు దక్కన్‌లో ఎన్నడూ అధికారం ఎరుగరనడం అంతకన్నా పెద్ద పొరపాటు. అహ్మద్‌నగర్‌లో మలిక్ అంబర్ సంగతి అందరికీ తెలుసు. గద్వాలకు దూరం కాని ఆదోనిలో పెద్ద మసీదు కట్టించిన సిద్దీ మసూద్ బీజాపూర్ రాజ్యానికే సంరక్షకుడుగా ఉన్నాడు. అయితే ఆ అధికారం వ్యక్తులతోనే ముగిసింది. కథీరీ, ఖుఐతీల వలె ఆఫ్రికాలో ఒక రాజ్యాన్ని కట్టుకోవడానికి వారికి తిరిగి వెళ్ళే తావు లేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం సైన్యాలు రద్దయ్యాయి, ఇద్దరి జీతాలూ ఆగిపోయాయి. అరబ్బులకు అదనపు శిక్ష పడింది. వారిలో చాలామందిని నిర్బంధించి, కొందరిని ఓడలెక్కించి ఏడెన్‌కు పంపివేశారు. ఆ దినాల్లో షజరా వరం కాదు, శాపం. సిద్దీని పంపడానికి దేశం ఏదో ఎవరికీ తెలియదు గనుక అతడు మిగిలిపోయాడు. ఆ ఏళ్ళలో ఎవరు పేద, ఎవరు కాదు అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. చావుషులకు ఒక్క ఆధారం ఉండేది. బర్కస్ ఊరి చివర ఉండడంతో అక్కడ తోటలకు చోటు ఉన్నది, బర్కస్ జామకాయ నగరమంతటా పేరుపడింది. నగరం నడుమ ఉన్న ఏసీ గార్డ్స్ సిపాయి ఇళ్ళకు ఆ పాటి నేలైనా లేదు.

అసలు మలుపు 1973 తరువాత వచ్చింది. చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలు తలుపులు తెరిచాయి. అప్పుడు పెట్టె అడుగున ఉన్న షజరా పైకి వచ్చింది. తెగ పేరు చెప్పి చుట్టాన్ని వెతుక్కోవచ్చు, ఆ చుట్టమే కఫీలుగా నిలబడవచ్చు. సిద్దీ కూడా గల్ఫ్ వెళ్ళాడు, కాని గద్వాల కూలీ వెళ్ళినట్టే, ఏజెంటుకు డబ్బు కట్టి వెళ్ళాడు. ఒకే విమానంలో దిగినా ఒకడిని తీసుకుపోవడానికి మేనమామ వచ్చాడు, ఇంకొకడికోసం కంపెనీ వ్యాను వచ్చింది. అరబ్బు శ్రమించలేదని దీని అర్థం కాదు. శ్రమ ఇద్దరిదీ ఉన్నది, తోడు మాత్రం ఒకరికే ఉన్నది. ఆ తోడు శాశ్వతమూ కాదు. 2011లో సౌదీ నితాఖాత్ విధానం వచ్చాక, 2015లో యెమెన్ యుద్ధం ముదిరాక, ఆ దారులు ఇరుకయ్యాయి. పుస్తకాలు ఎక్కువ భాగం అంతకు ముందువే కనుక వాటిలోని శ్రేయస్సు చిత్రం నేటికి సరిపోదు.

షజరా విలువ పెరిగినకొద్దీ పెండ్లి సంబంధాలు బిగుసుకున్నాయి. ఫిఖ్‌లో కఫాఅత్ అన్న చర్చ ఉన్నది, వధూవరుల సరిజోడును గురించినది. దానిని వంశానికి ముడిపెట్టిన ఫలితం ఏమంటే, ఆస్తి, పరిచయాలు, వీసాలు అన్నీ ఆ గోడ లోపలే తిరుగుతాయి. హజ్రత్ బిలాల్ (రజి) పేరు సిద్దీల సమక్షంలో ఎంతో ప్రేమగా తలచుకుంటారు. ఆ ప్రేమ నిఖానామా వరకు వచ్చిన సందర్భాలు ఎన్ని? ఆర్థిక స్థితిని గురించి వ్రాసేవారు పెండ్లిళ్ళను 'సంస్కృతి' అధ్యాయంలోకి నెట్టివేయడం పెద్ద లోపం. మర్ఫాదీ అదే గతి. అరబ్బు, ఆఫ్రికా లయలు కలిసిన ఆ వాద్యాన్ని పుస్తకాలు సంస్కృతిగా వర్ణిస్తాయి. దాన్ని వాయించేవారికి పెండ్లిళ్ళ ఋతువులో దొరికే కూలి అది, ముహర్రం నెలలో దొరకని కూలి కూడాను.

చిత్రమేమంటే పండితులు చేయని పోలికను ప్రభుత్వం చేసింది. ముస్లిములలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన 2007 నాటి చట్టంలో సిద్దీ, యాబా, హబషీ, జాసీ అన్న పేర్లు బీసీ-ఈ జాబితాలో చేరాయి. అదే జాబితా చివర మినహాయించిన వర్గాల్లో సయ్యదులు, మొగలులు, పఠానుల వరుసలో అరబ్బులు ఉన్నారు. రెండు పేర్లూ ఒకే పుటలో కనిపించడం బహుశా అక్కడే. సిద్దీ విషయంలో ఆ నిర్ణయం సరైనదే. ఐతే గీత గీసింది వంశాన్ని బట్టి. బర్కస్‌లో ఆటో నడిపే చావుషు కుమారుడు ఖుఐతీ సుల్తానులతో కలిసి గీతకు అవతల పడ్డాడు. ఇక కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు 2003 నుంచి షెడ్యూల్డు తెగ. కృష్ణకు ఈవల ఉన్న సిద్దీ బీసీ. పేరు ఒకటే, పెట్టెలు రెండు.

2024లో తెలంగాణలో జరిగిన కుల సర్వే బీసీ ముస్లిములు 10.08 శాతం, ఓసీ ముస్లిములు 2.48 శాతం అని తేల్చింది. సిద్దీ మొదటి అంకెలో ఉన్నాడు, అరబ్బు రెండవ అంకెలో ఉన్నాడు. ఇద్దరూ ఆ అంకెల్లో కలిసిపోయారు. ఎవరికి ఎంత భూమి, ఎంత చదువు, ఎంత అప్పు అన్న ప్రశ్నకు అంత పెద్ద గంపలో జవాబు వెతకలేము.

రావలసిన గ్రంథం ఇంకా రాలేదు. దానికి కావలసిన సరుకులో ఒక భాగం తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాగారంలో, నిజాం సర్కారు దస్తావేజుల్లో ఉన్నది. ఏ దళానికి ఎంత జీతం, ఎవరి చేతికి ఇచ్చారు, ఎవరి పేరున అప్పు వ్రాశారు అన్నవి అలాంటి కాగితాల్లోనే తేలవలసి ఉన్నది. పాత దస్తావేజులు ఫార్సీలో, చాలావరకు షికస్తా వ్రాతలో ఉంటాయి. ఆ వ్రాతను చదవగలిగినవారు విశ్వవిద్యాలయాల్లో సరే, మదరసాల్లోనూ వేళ్ళమీద లెక్కించదగినంతమందే మిగిలారు.