32 పాయింట్ల తేడా వెనక

చివరి సెకను దాకా హోరాహోరీగా సాగిన మ్యాచ్ గురించి జనం పదేళ్ల తర్వాత కూడా చెప్పుకుంటారు. ఏకపక్షంగా ముగిసిన మ్యాచ్‌కి స్పోర్ట్స్ పేజీలో రెండు పేరాలు దక్కితే ఎక్కువ. నన్నడిగితే ఇది తలకిందుల లెక్క. ఒక్క పాయింటుతో తేలిన ఆటను రెఫరీ విజిలో, చెమట పట్టి జారిన వేలో మార్చేసి ఉండొచ్చు. సమ ఉజ్జీలైన రెండు జట్ల మధ్య 30 పాయింట్ల తేడా వచ్చిందంటే మాత్రం అదృష్టాన్ని సాక్ష్యానికి పిలవలేం. గెలిచిన జట్టు ఏం నేర్చుకుందో, ఎలా నేర్చుకుందో అక్కడే బయటపడుతుంది.

అలాంటి ఆట 1968 మార్చి 22న లాస్‌ఏంజెలెస్ స్పోర్ట్స్ అరీనాలో జరిగింది. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నీ సెమీఫైనల్ అది. ఒకవైపు ఆ సీజన్లో 31 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడని నంబర్ వన్ జట్టు హ్యూస్టన్ యూనివర్సిటీ. మరోవైపు అంతకుముందు ఏడాది ఛాంపియన్ యూసీఎల్‌ఏ, అంటే లాస్‌ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ. యూసీఎల్‌ఏ 101–69తో గెలిచింది. హాఫ్‌టైమ్‌కే 53–31.

ఈ స్కోరు రుచి తెలియాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్లాలి. జనవరి 20న ఇవే రెండు జట్లు హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో తలపడ్డాయి. బేస్‌బాల్ కోసం కట్టిన ఆ కప్పు స్టేడియం మధ్యలో కోర్టు పరిచారు. ఆ చెక్క పలకలను కూడా లాస్‌ఏంజెలెస్ స్పోర్ట్స్ అరీనా నుంచే తెప్పించారట! చూడ్డానికి వచ్చినవాళ్లు 52,693 మంది. దేశమంతటా రాత్రి వేళ టీవీలో ప్రసారమైన తొలి రెగ్యులర్ సీజన్ కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ అదే. హ్యూస్టన్ స్టార్ ఎల్విన్ హేస్ 39 పాయింట్లు కొట్టాడు. స్కోరు సమంగా ఉండగా, అర నిమిషం కూడా మిగలని వేళ రెండు ఫ్రీ త్రోలు వేసి 71–69తో గెలిపించాడు. వరసగా 47 విజయాలతో వచ్చిన యూసీఎల్‌ఏ అక్కడ ఆగింది. ఏడడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ జట్టు సెంటర్ లూ ఆల్సిండర్‌కి అంతకు ఎనిమిది రోజుల ముందు మరో మ్యాచ్‌లో కంటికి గాయమైంది. ఆస్ట్రోడోమ్‌లో అతను 18 షాట్లు వేస్తే పడినవి నాలుగే. ఈ ఆల్సిండరే తర్వాత కరీమ్ అబ్దుల్-జబ్బార్ అయ్యాడు. బాస్కెట్‌బాల్ చూడని తెలుగువాళ్లు కూడా వినివుండే పేరది.

స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఆ వారం ముఖచిత్రంగా ఆల్సిండర్ మీదుగా హేస్ షాట్ వేస్తున్న ఫొటో వేసింది. ఆల్సిండర్ దాన్ని తెచ్చి తన లాకర్లో తగిలించుకున్నాడు. ఇక్కడి నుంచి ఈ కథను పగ కథగా చెప్పడం చాలా తేలిక, చాలామంది అలాగే చెప్పారు కూడా. కానీ పగతో ఆడిన జట్లు ఎన్ని బోల్తా పడలేదు? కోపం మహా అయితే మొదటి ఐదు నిమిషాలు మోస్తుంది. మిగిలిన 35 నిమిషాలు మోసింది వేరే.

కోచ్ జాన్ వుడెన్ ఇండియానా రాష్ట్రంలోని పల్లెటూళ్లో పెరిగినవాడు. పర్డ్యూ యూనివర్సిటీకి ఆడాడు. హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ కోచింగ్ మొదలుపెట్టి, 1948లో యూసీఎల్‌ఏకి వచ్చాడు. ఎదుటి జట్టు ఎలా ఆడుతుందో గూఢచర్యం చేయడం మీద ఆయనకు పెద్దగా నమ్మకం లేదు. మన ఆట మనం సరిగ్గా ఆడితే వాళ్ల సంగతి వాళ్లే చూసుకుంటారన్నది ఆయన పద్ధతి. జనవరిలో హేస్‌ను ఆపడానికి ప్రత్యేకమైన ఎత్తుగడేమీ లేకుండానే యూసీఎల్‌ఏ దిగింది, తగిన మూల్యం చెల్లించింది. మార్చిలో అసిస్టెంట్ కోచ్ జెర్రీ నార్మన్ ఒక కొత్త అమరిక ముందుకు తెచ్చాడు. వుడెన్ తన అలవాటుకు విరుద్ధంగా ఒప్పుకున్నాడు.

దాని పేరు డైమండ్-అండ్-వన్. నలుగురు ఆటగాళ్లు వజ్రం ఆకారంలో నిలబడి తలా కొంత ప్రాంతం కాస్తారు. ఐదోవాడికి ప్రాంతం లేదు, ఒక మనిషే ఉన్నాడు. వజ్రం పైకొనలో పొట్టి గార్డ్ మైక్ వారెన్, రెండు పక్కలా లూషస్ అలెన్, మైక్ లిన్, అడుగుకొనలో బాస్కెట్ కింద ఆల్సిండర్. ఐదోవాడు లిన్ షాకెల్‌ఫర్డ్. మూల నుంచి ఎడమచేత్తో షాట్లు వేయడంలో పేరున్నవాడే తప్ప డిఫెన్స్‌కి పేరుపడ్డవాడు కాదు. అతనికి అప్పజెప్పిన పని ఒక్కటే: హేస్ ఎక్కడికెళితే అక్కడికెళ్లాలి, బంతికీ అతనికీ మధ్య నిలవాలి, అసలు బంతే అందనివ్వకూడదు.

ఇందులో మెలిక ఏమిటంటే, షాకెల్‌ఫర్డ్ హేస్‌ను ఓడించనక్కర్లేదు. ముందు నిలబడి దారి మూస్తే చాలు. అతని తల మీదుగా బంతిని ఎత్తి వేస్తే అది దిగే చోట ఆల్సిండర్ చేతులున్నాయి. హేస్ బాస్కెట్‌కి దూరంగా జరిగి బంతి అందుకున్నాడా, అక్కడి నుంచి అతను అంత ప్రమాదకారి కాదు. ముందొకడు, వెనకొకడు. సగటున 37 పాయింట్లు కొట్టే మనిషి ఆ రాత్రి పదితో సరిపెట్టుకున్నాడు.

నష్టం లేని ఎత్తుగడ ఉండదు. ఒక్కడి చుట్టూ ఇంత కాపలా పెడితే మిగతా నలుగురిలో ఎవరో ఒకరికి దూరం నుంచి ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీ షాట్లు పడితే వజ్రం పగిలిపోతుంది. హ్యూస్టన్ వాళ్లకు ఆ రాత్రి అవి పడలేదు. కాలేజీ ఆటలో మూడు పాయింట్ల గీత అప్పటికి లేదు కాబట్టి, దూరం నుంచి వేసినా వచ్చేది రెండే. ఈ లెక్కంతా నార్మన్ వేసుకునే ఉంటాడు.

హ్యూస్టన్ పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. వాళ్ల పాయింట్ గార్డ్ జార్జ్ రేనాల్డ్స్ అర్హత నిబంధనల కారణంగా టోర్నీకి దూరమయ్యాడు. బంతిని కోర్టు ఆ చివరికి భద్రంగా చేర్చే మనిషి లేకుండా వాళ్లు యూసీఎల్‌ఏ ముందుకు రావాల్సి వచ్చింది. వేరే ఏ జట్టు మీదైనా ఇది చిన్న లోటే. యూసీఎల్‌ఏ బతుకుతెరువే బంతి తెచ్చేవాణ్ని సతాయించడం.

ఆ సతాయింపు పేరు ప్రెస్. మామూలుగా ఒక జట్టు బాస్కెట్ వేశాక వెనక్కి పరుగెత్తి తన సగంలో కాపు కాస్తుంది. యూసీఎల్‌ఏ అలా వెళ్లదు. ఎదుటివాళ్లు బంతిని లోపలికి వేసే చోటే మాటు వేస్తుంది. ముందు ఇద్దరు, మధ్యలో ఇద్దరు, చివర ఒకడు: 2-2-1. మొదటి పాస్‌ని కావాలనే ఒక పక్కకు పోనిస్తారు. అందుకున్నవాడి మీద ఇద్దరు మూగుతారు, పక్క గీత మూడో కాపలాదారు అవుతుంది. బంతి చేతిలోంచి లాక్కోవడానికి ఎగబడితే ఫౌల్ అవుతుంది గనుక ఆ తొందర కూడదు. చేతులు పైకెత్తి చూపు మూసేస్తే చాలు, వాడు కంగారులో పైకి తేలే పాస్ ఒకటి వేస్తాడు. మధ్యలో ఉన్న ఇద్దరి పని ఆ పాస్ కోసం కాచుకోవడమే. పది సెకన్లలో సగం గీత దాటాలన్న నిబంధన గడియారంలా నెత్తిమీద కొట్టుకుంటూ ఉంటుంది.

చాలామంది ప్రెస్ అంటే బంతి దొంగిలించే ఉపాయం అనుకుంటారు. అసలు ఉద్దేశం ఎదుటి జట్టు వేగాన్ని మార్చడం. అప్పట్లో కాలేజీ ఆటలో షాట్ క్లాక్ లేదు. నెమ్మదస్తులైన జట్టు బంతిని చేతులు మార్చుకుంటూ నిమిషాలకు నిమిషాలు గడపవచ్చు. ప్రెస్ పడితే అది కుదరదు. ఇష్టం ఉన్నా లేకున్నా పరుగెత్తాలి, ఆ పరుగుకు అలవాటుపడింది మాత్రం యూసీఎల్‌ఏ. 1964లో వుడెన్ తొలిసారి టైటిల్ గెలిచినప్పుడు ఆయన జట్టులో మొదటి ఐదుగురిలో ఆరడుగుల ఐదంగుళాలు దాటినవాడు లేడు. ఫైనల్లో పొడగరుల జట్టు డ్యూక్ మీద ఈ ప్రెస్‌తోనే రెండున్నర నిమిషాల్లో వరసగా 16 పాయింట్లు లాగారు. అక్కడితో ఆట తేలిపోయింది. ఆ సీజన్ 30 మ్యాచ్‌లూ గెలిచారు. ప్రెస్ పెడదామని పట్టుబట్టిందీ ఈ నార్మనే.

కొన్ని రోజుల ముందు చెప్పిన కొత్త అమరికను అంత పెద్ద మ్యాచ్‌లో తడబడకుండా ఎలా ఆడగలిగారు? జవాబు ప్రాక్టీసు గదిలో ఉంది. ఏటా మొదటి రోజు వుడెన్ తన ఆటగాళ్లకు మేజోళ్లు వేసుకోవడం నేర్పేవాడు. దేశమంతా వెంటపడి పిలిచిన కుర్రాళ్లు బెంచీ మీద కూర్చుని, మడమ దగ్గర, చిటికెనవేలి దగ్గర ముడత లేకుండా మేజోడు ఎలా లాగాలో, బూటు తాళ్లు ఎలా బిగించాలో చూడాలి. ముడత ఉంటే బొబ్బ, బొబ్బ ఉంటే ప్రాక్టీసు పోతుంది. న్యూయార్క్ నుంచి వచ్చిన ఆల్సిండర్‌కీ మినహాయింపు లేదు.

ప్రాక్టీసు రెండు గంటలు. ఏ నిమిషంలో ఏం చేయాలో వుడెన్ పొద్దున్నే అసిస్టెంట్లతో కూర్చుని రాసి, చిన్న కార్డు మీద ఎక్కించుకుని జేబులో పెట్టుకునేవాడు. సమయం అయిపోతే ఎంత బాగా సాగుతున్న డ్రిల్ అయినా ఆగాల్సిందే. ముందు మొత్తం కదలికను చూపించి, దాన్ని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కను పదేపదే చేయించి, మళ్లీ కలిపేవాడు. పాస్ అందుకుని స్కోరు చేసినవాడు పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించో తలూపో గుర్తించాలి. ఇది మర్యాద కోసమే అనిపిస్తుంది గానీ, తర్వాతి పాస్‌కి పెట్టుబడి కూడా అదే.

1974–75 సీజన్లో, అంటే వుడెన్ చివరి ఏడాది, రొనాల్డ్ గాలిమోర్, రోలాండ్ థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆయన ప్రాక్టీసులకు వెళ్లి ప్రతి మాటనూ లెక్కగట్టారు. 2,326 బోధన చర్యలు నమోదయ్యాయి. వాటిలో నాలుగింట మూడొంతులు ఏం చేయాలి, ఎలా చేయాలి అన్న సమాచారమే. మెచ్చుకోలు ఏడు శాతం లోపు, చిరాకు కూడా దాదాపు అంతే. తప్పు చేసినవాణ్ని ఆపి, సరైన పద్ధతి ఒకసారి చేసి చూపి, వాడు చేసిన తప్పును అనుకరించి, మళ్లీ సరైనది చూపేవాడట. అంతా కొన్ని సెకన్లే. ఉపన్యాసాలిచ్చే కోచ్‌లంటే మనకు మహా మోజు. సినిమాలు కూడా వాళ్ల మీదే వస్తాయి. ఈ అంకెలు చూస్తే ఎవరు నేర్పారో, ఎవరు మాట్లాడారో తేడా తెలుస్తుంది.

అలా తయారైన జట్టుకు డైమండ్-అండ్-వన్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఎవరు ఎక్కడ నిలబడాలన్నదే. కాళ్లు ఎలా కదపాలి, చేతులు ఎక్కడుండాలి, పక్కవాడు ఓడితే ఎవరు పూడ్చాలి అన్నవి అప్పటికే ఒంట్లో ఉన్నాయి. ఆ రాత్రి స్కోరు పట్టీ చూడండి: ఆల్సిండర్ 19, అలెన్ 19, మైక్ లిన్ 19, షాకెల్‌ఫర్డ్ 17, వారెన్ 14. ఐదుగురూ సమంగా పంచుకున్న స్కోరు. ఆస్ట్రోడోమ్ మ్యాచ్‌లో తనను బెంచీకి పరిమితం చేశారని ఎడ్గర్ లేసీ జట్టు వదిలి వెళ్లిపోయాడు. ఆ ఖాళీలో ఎక్కువసేపు ఆడే అవకాశం దొరికినవాడే మైక్ లిన్.

వుడెన్‌ని దేవుణ్ని చేసి చెప్పే పుస్తకాలు బోలెడు. అవి చదివితే ఆయన గొంతెత్తనే లేదనిపిస్తుంది. చుట్టిన ప్రోగ్రాం కాగితాన్ని నోటికి అడ్డం పెట్టుకుని రెఫరీలను దెప్పిపొడవడంలో ఆయన సిద్ధహస్తుడని ఆనాటివాళ్లు చెబుతారు. ఆటగాళ్లకు సాయాలు చేసిన ఒక ధనిక అభిమాని వ్యవహారం తర్వాత పెద్దదై, వుడెన్ రిటైరైన ఆరేళ్లకు 1981లో యూసీఎల్‌ఏ మీద కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ శిక్ష పడింది. ఆయన హయాం గురించి రాసేటప్పుడు ఈ మరకను దాటవేయడం నాకు నచ్చదు. ప్రెస్ గొప్పతనం దానివల్ల తగ్గదు, కానీ అంత ప్రతిభ ఒక్కచోటికి ఎలా చేరిందన్న ప్రశ్న మిగులుతుంది.

హ్యూస్టన్‌ను ఓడించిన మర్నాడు ఫైనల్లో నార్త్ కరొలైనా కోచ్ డీన్ స్మిత్ బంతిని నాలుగు మూలలా తిప్పుతూ ఆటను నెమ్మదింపజేయాలని చూశాడు. ఆల్సిండర్ 34 పాయింట్లు కొట్టాడు, యూసీఎల్‌ఏ 78–55తో గెలిచింది. ఫైనల్లో అప్పటిదాకా అంత తేడాతో ఎవరూ గెలవలేదు. 1975లో వుడెన్ తప్పుకునే నాటికి ఇంకా ఆరు టైటిళ్లు చేరి మొత్తం పది అయ్యాయి. జెర్రీ నార్మన్ మాత్రం 1968 సీజన్ ముగియగానే కోచింగ్ మానేసి వ్యాపారంలోకి వెళ్లిపోయాడు. ప్రెస్, డైమండ్ రెండూ తన ఆలోచనలే అయినా, ఆ విజయాల చరిత్రలో అతని పేరు ఫుట్‌నోట్‌గానే దొరుకుతుంది.