అధిక రక్తపోటు మూలక గుండె వైఫల్యంలో శోథ గ్రాహకాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

అధిక రక్తపోటు గుండెను శ్రమపెట్టి చివరకు అలసిపోజేస్తుందన్న పాత వివరణ అసంపూర్ణం. ఎడమ జఠరిక గోడ మందమెక్కడం, అందులో పీచు కణజాలం పేరుకొని గుండె బిగుసుకుపోవడం వెనుక శోథ ప్రక్రియ కూడా ఉంది. యాంజియోటెన్సిన్-2 తన ఏటీ1 గ్రాహకానికి చేరినప్పుడు రక్తనాళం సంకోచించడంతో కథ ముగియదు. కణంలో శోథను నడిపించే జన్యువులు కూడా ఉత్తేజితమవుతాయి. దెబ్బతిన్న కణాల శకలాలను టీఎల్‌ఆర్4 గ్రాహకం ప్రమాదంగా గుర్తిస్తుంది.

ఈ వరుసలో తెలుగువారికి పరిచితమైన అణువు ఒకటుంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరం నుంచి వేరుచేసి ప్రకటించిన ఏటీపీ అది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నాడు. కణం లోపల ఏటీపీ శక్తినిస్తుంది. కణం దెబ్బతిని వెలుపలికి వస్తే పీ2ఎక్స్7 గ్రాహకాన్ని తట్టి, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 సముదాయం ద్వారా ఇంటర్‌ల్యూకిన్-1 బీటా విడుదలకు దారితీస్తుంది.

ఇంతవరకు ప్రయోగశాల ఆధారం బలమైనదే. చిక్కు తరువాతి తర్కంలో ఉంది. గుండె వైఫల్య రోగుల రక్తంలో టీఎన్‌ఎఫ్ పెరుగుతుందని 1990లో తేలాక, దానిని అడ్డుకుంటే జబ్బు తగ్గుతుందని భావించారు. ఎటనర్సెప్ట్ పరీక్షలు ప్రయోజనం కనిపించక 2001లో ఆగిపోయాయి. 2003లో వెలువడిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ పరీక్షలో ఎక్కువ మోతాదు పొందినవారి పరిస్థితి మరింత దిగజారింది. టీఎన్‌ఎఫ్‌కు రెండు గ్రాహకాలున్నాయి. మొదటిది హాని చేస్తే, రెండవది గుండెకు కొంత రక్షణనిస్తుందని జంతు ప్రయోగాలు సూచిస్తాయి. రెండింటినీ ఒకే గాటన కట్టడమే పొరపాటు కావచ్చు. పైగా ఆ రోగుల గుండెలు బలహీనంగా సంకోచించేవి. బిగుసుకుపోయిన రక్తపోటు గుండె గురించి ఆ పరీక్షలు అనుకూలంగా గాని, ప్రతికూలంగా గాని తీర్పు చెప్పలేవు. సమీక్షా వ్యాసాలు తరచుగా దాటవేసే భేదమిది.

2017లో 10,061 మందితో వెలువడిన కాంటోస్ పరీక్షలో కనకినుమాబ్ గుండె సంఘటనలను తగ్గించింది. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థ నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ 2018 నాటి సర్ట్ పరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటానూ తగ్గించలేదు, గుండె సంఘటనలనూ తగ్గించలేదు. శోథ ఒకటే కాదు. ఏ గ్రాహకపు దారి అన్నదే అసలు ప్రశ్న.

వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట మండలాల రోగికి ఈ చర్చ ఎక్కడ తగులుతుంది? రాష్ట్ర గ్రామీణ మరణాలపై తరచుగా ఉదహరించే అధ్యయనం ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాలది. 2006లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళ వ్యాధులవి. కాలువల కింది డెల్టా అంకెను వర్షాధారపు మెట్టకు అలాగే అన్వయించడం శాస్త్రీయం కాదు. అంతేకాక, కుటుంబ సభ్యులను విచారించి మరణ కారణం నిర్ణయించే ఆ పద్ధతిలో రక్తపోటు వల్ల వచ్చిన గుండె వైఫల్యాన్ని విడదీసి చూడడం కష్టం.

టెల్మిసార్టాన్ ఏటీ1 గ్రాహకాన్ని, స్పైరనోలాక్టోన్ మినరలోకార్టికాయిడ్ గ్రాహకాన్ని నిరోధిస్తాయి. రెండు గ్రాహకాలూ శోథకు ద్వారాలే. రెండు మందులూ ఖరీదైనవి కావు. కనుక పశ్చిమ నెల్లూరులో చేపట్టవలసిన తొలి పరిశోధన కొత్త నిరోధకం గురించి కానక్కరలేదు. ఆయాసంతో వచ్చిన రోగికి ఎన్నేళ్లుగా రక్తపోటు ఉంది, మందు ఎన్ని నెలలు మానేశాడు, ఎకోలో గుండె గోడ మందమెంత అన్న మూడు వివరాలను వరుసగా కొన్నేళ్లు నమోదు చేస్తే, ఇంటర్‌ల్యూకిన్-6 ఎవరిలో కొలవాలో అప్పుడు తెలుస్తుంది.