ముందు ముక్కలు చెయ్యండి

ఈ వారం మా మేనల్లుడు నా చేతిలో ఒక దువ్వెన పెట్టాడు. నీళ్ల సీసాల మూతలు కరిగించి, కాలేజీ వర్క్‌షాపులో తామే కట్టుకున్న యంత్రంతో చేశారట. నీలం మీద తెల్ల చారలు, అంచున చిన్న పొక్కు. నా తల మీద దువ్వెనకు పెద్దగా పని లేదు గానీ ముచ్చటేసింది.

నా చాదస్తం మీకు తెలిసిందే: విప్పి చూడలేని వస్తువు మనది కాదంటాను. అందుకే డేవ్ హాకెన్స్ అనే డచ్చి కుర్రాడంటే నాకు అభిమానం. 2013లో, డిజైన్ చదువు ముగిస్తూ, ప్లాస్టిక్‌ను తుంచే, కరిగించే, అచ్చు పోసే యంత్రాలు కట్టి, ‘ప్రెషస్ ప్లాస్టిక్’ పేరుతో డ్రాయింగులన్నీ ఊరికే పంచిపెట్టాడు. మావాళ్లు దువ్వెనకు కట్టినలాంటి అచ్చు పోసే యంత్రంలో బ్రహ్మవిద్యేమీ లేదు. ఇనప గొట్టం, దాని చుట్టూ హీటర్లు, వేడి చూసుకునే చిన్న డబ్బా, పైన పొడవాటి మీట. ఆటోనగర్‌లో ఎవరైనా కట్టేస్తారు. ఊరికొకటి పెట్టిస్తే పోలా అనుకున్నాను.

“మూతలు ఎవరు ఏరార్రా?”

“మెస్‌లో మేమే మావయ్యా. అన్నీ ఒకే బ్రాండువి.”

అక్కడే పాత సామాన్ల కొట్టు గుర్తొచ్చింది. ఒకప్పుడు మా వీధి చివర ఉండేది. ముందు తూకం, వెనక గోతాల మధ్య ఒకావిడ. మగ్గు చేతికొస్తే గోటితో కొట్టి చప్పుడు వినేది. అనుమానమొస్తే కొస తుంచి, అంటించి, ఆర్పి వాసన చూసేది. కొవ్వొత్తి వాసనొస్తే ఒక గోతాం, ముక్కు మండితే ఇంకోటి. అప్పటికీ తేలకపోతే నీళ్ల బకెట్లో పడేసేది. మూత తేలేది, సీసా ముక్క మునిగేది. “సీసాదొక జాతి, మూతదొక జాతి సారూ. కలిపితే రెండూ పాడే” అనేది. సీసా పెట్ అనే రకం ప్లాస్టిక్, 250 డిగ్రీల దాకా వెళ్తే గానీ కరగదు. హెచ్‌డీపీఈ మూత 130కే కరిగిపోతుంది. పీవీసీ ముక్క వేడి గొట్టంలో పడిందంటే ఆమ్లపు ఆవిరి లేస్తుంది. పట్టభద్రులు పట్టిక చూసి చెప్పేది ఆవిడ ముక్కుతో చెప్పేది. ఆ ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి గుడ్డ ముక్కయినా ఎవరూ ఇవ్వలేదనుకోండి, అది వేరే కాలమ్.

కొట్టు యజమాని గోల ఇంకోటి. “ఆటో నిండా గాలి మోస్తున్నా సార్!” ఖాళీ సీసాలు, డబ్బాలు. బండి నిండుతుంది, తూకం నిండదు. కాటేదాన్‌లోని రీసైక్లింగ్ యూనిట్లకు చేర్చేలోపు కిరాయే లాభాన్ని మింగేది.

ఇదంతా తలుచుకున్నాక దువ్వెన యంత్రం మీద నా మోజు తగ్గింది. మీట ఒకసారి దించితే ఒక దువ్వెన. ఫ్యాక్టరీ దువ్వెనతో ధరలో పోటీ పడలేదు. ఎగ్జిబిషన్‌కు బాగుంటుంది, బడి పిల్లలకు ఇంకా బాగుంటుంది. ఊరికి కావలసింది మాత్రం అదే డ్రాయింగుల్లో ఉన్న ముక్కలు చేసే యంత్రం. చూడ్డానికి బాగోదు, చెవులు చిల్లులు పడే మోత, చూపించుకోవడానికి ఒక్క వస్తువూ చేయదు. కానీ బండి నిండా ఉన్న గాలిని తీసేస్తుంది. జాతి వారీగా చేసిన ముక్కలకు సీసాల కంటే మంచి ధర పలుకుతుంది కూడా. పెట్టాల్సింది కాలేజీలో కాదు, కొట్టు పెరట్లో, ఏరే మనిషి తర్వాత. ఏరకుండా తుంచితే, నీళ్లలో రెండూ మునిగే పెట్, పీవీసీ ముక్కల్ని ఆవిడ కూడా విడదీయలేదు. వచ్చే లాభంలో ఆ ఏరే మనిషికీ వాటా ఉండాలి.

కట్టడంలో కష్టమైనదీ ఇదే. మందపాటి ఉక్కు బ్లేళ్లు, నిదానంగా తిరిగినా బలంగా లాగే గేరు మోటారు, ఎత్తయిన తొట్టి, దానికి మూత, మూత లేపగానే కరెంటు ఆగే స్విచ్చు. ఆ స్విచ్చు ఖర్చు మిగుల్చుకుందామనేవాడికి మాత్రం డ్రాయింగు ఇవ్వొద్దని మా వాడికి చెప్పాను.